రోహింగ్యాల కోసం గాంబియా వేసిన కేసు

2019 నవంబర్ 11న పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా, ద హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానంలో మయన్మార్ మీద కేసు వేసింది. మయన్మార్‌లోని ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాల మీద ఆ దేశ సైన్యం చేసింది జాతిహననమేనని, 1948 నాటి జాతిహనన నిరోధక ఒప్పందాన్ని ఆ దేశం ఉల్లంఘించిందని ఫిర్యాదు. గాంబియా అంటే ఎంత దేశమనుకున్నారు? మన పాత నల్గొండ జిల్లా కంటే చిన్నది, జనాభా పాతిక లక్షలు అటూఇటూగా, మూడు వైపులా సెనెగల్, ఒక వైపు సముద్రం. మయన్మార్‌తో సరిహద్దు లేదు, తన పౌరుల్లో ఎవరికీ అక్కడ అన్యాయం జరిగిందని కూడా కాదు. అయినా కోర్టుకెక్కింది. మానవ హక్కులకు కట్టుబడిన దేశం ఏది అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే పేరు ఇదే.

2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో ఏం జరిగిందో వార్తలు చదివేవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పోలీసు పోస్టుల మీద ఒక సాయుధ గుంపు దాడి చేసిందని సైన్యం ఊళ్ళకు ఊళ్ళే తగలబెట్టింది, చంపింది, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేసింది, 7 లక్షల మందికి పైగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బంగ్లాదేశ్ చేరారు. మరి వాళ్ళ తరఫున కోర్టుకు ఎవరు వెళ్ళాలి? అంతర్జాతీయ న్యాయస్థానంలో దేశం మీద దేశమే కేసు వేయాలి, బాధితులు వేయడానికి లేదు. అంతమందిని మోస్తున్న బంగ్లాదేశ్ వేయొచ్చు కదా అనిపిస్తుంది, కానీ ఆ ఒప్పందంలో చేరేటప్పుడే అది 9వ అధికరణం మీద షరతు పెట్టుకుంది, వివాదాలను కోర్టుకు తీసుకెళ్ళే దారి ఆ అధికరణమే. భద్రతా మండలిలో చైనా వీటో ఉంది. పెద్ద దేశాలు ఖండనలతో, కొందరు సైనికాధికారుల మీద ఆంక్షలతో సరిపెట్టాయి.

అప్పుడు గాంబియా న్యాయశాఖ మంత్రి అబూబకర్ తంబాదూ. ఆయన అంతకు ముందు రువాండా జాతిహననం కేసుల ట్రిబ్యునల్‌లో ప్రాసిక్యూటర్‌గా ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. 2018లో ఇస్లామిక్ దేశాల సహకార సంస్థ బృందంతో బంగ్లాదేశ్‌లో రోహింగ్యాలు తలదాచుకున్న కాక్స్ బజార్ శిబిరాలకు వెళ్ళి అక్కడివాళ్ళు చెప్పింది వింటుంటే రువాండానే కళ్ళ ముందు కనిపించిందని తర్వాత చెప్పారు. ఇంకో సంగతి కూడా ఉంది, నా దృష్టిలో అసలు కారణం ఇదే. గాంబియా అప్పుడే నియంత యాహ్యా జామే 22 ఏళ్ళ పాలన నుంచి బయటపడింది. 2000 ఏప్రిల్‌లో నిరసన తెలిపిన విద్యార్థుల మీద కాల్పులు, 2004లో పత్రికా సంపాదకుడు డేడా హైదారా హత్య, ఇవన్నీ విచారించడానికి ఏర్పాటైన సత్యశోధన కమిషన్ ముందు 2019 అంతా బాధితులు ఒక్కొక్కరే వచ్చి సాక్ష్యం చెబుతున్నారు, దేశమంతా చూస్తోంది. తమ ఇంట్లో దాచిపెట్టిన ఘోరాలు అలా బయటికి వస్తున్న రోజుల్లోనే వాళ్ళు రోహింగ్యాల కేసు వేశారు.

మయన్మార్ తరఫున వాదించడానికి డిసెంబర్‌లో స్వయంగా ఆంగ్ సాన్ సూకీ వచ్చారు. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత, అప్పుడు ఆ దేశ ప్రభుత్వాన్ని నడుపుతున్నదీ ఆమే. కొన్నిచోట్ల సైన్యం హద్దు మీరి ఉండొచ్చు గానీ జాతిని తుడిచిపెట్టే ఉద్దేశం లేదన్నది ఆమె వాదన. అది చదివిన రోజు కలిగిన బాధ నాకు ఇంకా పోలేదు, ఎందుకంటే ఆమె గృహనిర్బంధంలో ఉన్నప్పుడు ప్రపంచమంతా ఆమె కోసం మాట్లాడింది. 2020 జనవరి 23న న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా, ఈ కేసు కోసమే మయన్మార్ ఎంచుకున్న అడ్‌హాక్ (తాత్కాలిక) జడ్జితో సహా, రోహింగ్యాలను కాపాడాలని, సాక్ష్యాలు చెరిపేయకూడదని ఆదేశించారు. మన దేశానికి చెందిన జస్టిస్ దల్వీర్ భండారీ కూడా ఆ న్యాయమూర్తుల్లో ఉన్నారు.

మీకేం సంబంధం, మీ వెనకాల ఉండి కేసు వేయించింది ఇస్లామిక్ దేశాల సంస్థ కదా అని మయన్మార్ అభ్యంతరం పెట్టింది. 2022 జూలై 22న కోర్టు దాన్ని కొట్టేసింది. కేసు వేసే హక్కు గాంబియాకు ఉందని 15 మంది జడ్జీలు అన్నారు, ఒక్కరే కాదన్నారు. అంటే జాతిహననం ఎక్కడ జరిగినా, ఒప్పందంలో ఉన్న ఏ దేశమైనా మాకు సంబంధం ఉందని చెప్పుకోవచ్చు. తర్వాత బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, కెనడా లాంటి దేశాలు కూడా జోక్యం చేసుకుంటామని ముందుకొచ్చాయి. అసలు ఆరోపణల మీద వాదనలు 2026 జనవరిలో గానీ జరగలేదు, ఆరేళ్ళు పట్టింది.

ఈ ఆదేశాల వల్ల రోహింగ్యాల కష్టాలు తీరిపోయాయని నేను అనడం లేదు. 2021లో మయన్మార్‌లో సైన్యమే అధికారం లాక్కుంది, సూకీని జైల్లో పెట్టింది, 2024లో రఖైన్‌లో మళ్ళీ ఊళ్ళు కాలాయి. ఆరు నెలలకోసారి మయన్మార్ కోర్టుకు ఇచ్చే నివేదికలు బయటివాళ్ళు చూడటానికి కూడా లేదు, అది చాలా పెద్ద లోపం. గాంబియా అన్నిట్లో ఆదర్శమనీ కాదు, ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారం మీద ఉన్న నిషేధాన్ని ఎత్తేయాలని 2024లో అక్కడి పార్లమెంటులోనే బిల్లు నడిచింది, చివరికి ఓడిపోయింది. కానీ బాధితులు చెప్పింది కోర్టు రికార్డుల్లోకి ఎక్కింది, అది ఇక ఎవరూ తుడిచేయలేరు.

హైదరాబాద్‌లో బాలాపూర్, షాహీన్ నగర్ వైపు రోహింగ్యా కుటుంబాలు కొన్ని వేలమంది ఉంటున్నారు. రేకుల షెడ్లలో, కూలి పనులు చేసుకుంటూ. వాళ్ళ గురించి ఎవరే మాట అన్నా ముందు భద్రత గురించే చర్చ మొదలవుతుంది, వాళ్ళు ఎక్కడి నుంచి, దేన్నుంచి పారిపోయి వచ్చారన్నది ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడగాల్సిన కోర్టులో మన దేశం గాంబియా లాగా కేసు వేసే వీలు కూడా లేదు, ఎందుకంటే 1959లో జాతిహనన ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు భారత్ కూడా 9వ అధికరణానికి ఒక షరతు తగిలించింది: వివాదంలో ఉన్న అన్ని పక్షాలూ ఒప్పుకుంటేనే కోర్టుకు. జాతిహననం చేసిన దేశం సరే రండి, కోర్టుకు వెళ్దాం అని ఎందుకు ఒప్పుకుంటుంది? ఆ షరతు వెనక్కి తీసుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఇంతమంది ఎంపీలు ఢిల్లీలో ఉన్నారు, అది ఇంకా ఎందుకు ఉందని ఒక్కరైనా సభలో లేచి అడగాలి.