మేయర్ చీటీ ఏదమ్మా?

2021 మార్చి 10న విజయవాడ కార్పొరేషన్‌కు పోలింగ్ జరిగింది. నాకు పీఓ (ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే బూత్ బాధ్యురాలు) డ్యూటీ పడింది. టీచరు ఉద్యోగంలో ఎన్నికల డ్యూటీ కొత్తేమీ కాదు, కానీ ఈసారి మిషన్లు లేవు, అంతా బ్యాలెట్ పేపర్లే. పైగా ఏడాదిపాటు ఆగిపోయిన ఎన్నిక. 2020 మార్చిలో నామినేషన్లు పూర్తయ్యాక కరోనా వచ్చి ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఉపసంహరణల దగ్గర్నుంచి అందుకున్నారు. ట్రైనింగ్‌లో మాకు చెప్పిందాంట్లో సగం ఆ పెట్టె మూత ఎలా వేయాలి, సీలు ఎలా పెట్టాలి అన్నదే. మిషన్ల కాలంలో ఉద్యోగంలో చేరినవాళ్లకు అదే పెద్ద టెన్షన్.

చిట్టినగర్ వైపు, కొండ కింద ఉన్న ఒక బడి మా బూత్. ముందురోజు సాయంత్రం సామాను తీసుకుని బస్సులో దిగాం. బ్యాలెట్ పేపర్ల వరస నంబర్లు ఒక్కొక్కటీ సరిచూసుకునేసరికి చీకటి పడింది. నిద్ర సంగతి చెప్పక్కర్లేదు. విజయవాడ దోమల గురించి తెలిసిన ఏపీఓ (అసిస్టెంట్ ప్రిసైడింగ్ ఆఫీసర్) మాస్టారు ఇంటి నుంచే దోమతెర తెచ్చుకున్నారు. మేం మాత్రం బల్లలు కలిపి, ఫ్యాన్ కింద చోటు కోసం పోటీపడ్డాం.

తెల్లవారి పార్టీల ఏజెంట్లకు ఖాళీ పెట్టె బోర్లించి చూపించి, కాగితపు సీలు మీద వాళ్ల సంతకాలు పెట్టించి, ఏడింటికి మొదలుపెట్టాం. వచ్చిన మనిషి పేరు మార్క్‌డ్ కాపీలో, అంటే ఓటేసినవాళ్ల పేర్ల మీద గీత పెట్టే ఓటర్ల జాబితాలో చూడాలి, సిరా పెట్టాలి, కౌంటర్‌ఫాయిల్ (బ్యాలెట్ చింపాక మా దగ్గర మిగిలే ముక్క) మీద సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, నా సంతకం ఉన్న బ్యాలెట్ చింపి మడిచి ఇవ్వాలి. మడతకూ ఒక లెక్క ఉంది. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. మొదటే అడ్డంగా మడిస్తే తడి ముద్ర అచ్చు ఇంకో అభ్యర్థి గుర్తు మీద పడుతుంది. కౌంటింగ్‌లో అది గొడవ. అందుకని మేమే మడిచి, విప్పి, మళ్లీ అలాగే మడవమని ఇచ్చేవాళ్లం. అయినా కొందరు పెళ్లి శుభలేఖలా నాలుగు మడతలు పెట్టి తెచ్చేవాళ్లు. అది పెట్టె సందులో దూరేది కాదు. కాగితాలు లోపల సర్దుకోవడానికి మధ్యమధ్య స్కేలుతో కిందికి నెట్టాల్సివచ్చేది.

కుర్రాళ్లు "బటన్ ఎక్కడ మేడమ్?" అని అడిగారు. పెద్దవాళ్లకు మాత్రం స్వస్తిక్ ముద్ర చేతికివ్వగానే ముఖాలు వెలిగాయి. పాత అలవాటు. ఒకావిడ ఓటేశాక బ్యాలెట్ విప్పి నా ముందు పెట్టి, "సరిగ్గా పడిందా చూడమ్మా" అంది. చూడకూడదు కదా. కళ్లు పక్కకు తిప్పుకుని, మడవండి పిన్నిగారూ అని బతిమాలాను. ఏజెంట్లు నలుగురూ మాత్రం మెడలు ఇంత పొడుగు చేసి చూశారు.

పది దాటాక కొండ మీది జనం దిగడం మొదలైంది. మా ఊళ్లో కొండప్రాంతం అంటే మెట్లే వీధులు. అక్కడివాళ్లకు కార్పొరేటర్ అంటే నీళ్లు, మెట్లు, వీధి దీపం. ఎమ్మెల్యే ఎన్నిక కంటే దీనికే ఎక్కువ పట్టుదలగా వస్తారని నాకు ఆ రోజు అనిపించింది. అలా ఇద్దరు మనవళ్ల భుజాల మీద చేతులేసి దిగొచ్చిన ఒక పెద్దాయన బ్యాలెట్ తీసుకుని కదల్లేదు. "ఇది కార్పొరేటర్‌ది. మేయర్ చీటీ ఏదమ్మా?" అన్నాడు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. 1995లో, 2000లో ఈ ఊరి ఓటరు మేయర్‌కు నేరుగా ఓటేశాడు. 2000లో పంచుమర్తి అనురాధ గారు ఇరవై ఆరేళ్లకే మేయర్ అయింది అలాగే. తర్వాత పద్ధతి మార్చారు. ఇప్పుడు మనం ఎన్నుకునేది డివిజన్ కార్పొరేటర్‌నే. గెలిచినవాళ్లు, ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా సభ్యులు) హోదాలో ఉన్న ఎమ్మెల్యేలు, ఎంపీలు కలిసి కౌన్సిల్ హాల్లో చేతులెత్తి మేయర్‌ని ఎన్నుకుంటారు. ఆ మాటే రెండు ముక్కల్లో చెప్పాను. "అయితే నా ఓటు సగమేనన్నమాట" అని గొణుక్కుంటూ అట్టపెట్టె చాటుకు వెళ్లాడు. వెనక క్యూలో నవ్వులు. నాకైతే ఆయన మాటే నిజమనిపిస్తుంది. ఊరందరి ఓటుతో గెలిచిన మేయర్‌కు ఉండే గొంతు వేరు. పార్టీ పెద్దలు సీల్డ్ కవర్లో పేరు పంపితే కుర్చీ ఎక్కిన మేయర్‌కు ఆ గొంతు ఎక్కడిది? కౌన్సిల్లో బలం లేకుండా నేరుగా గెలిచిన మేయర్ ఏ పని సాగించడానికైనా అవస్థపడతాడన్న వాదన కూడా ఉంది, కాదనను. అదే నెల 14న లెక్కింపులో 64 డివిజన్లకు వైఎస్సార్‌సీపీ 49, టీడీపీ 14, సీపీఎం 1 గెలిచాయి. మహిళకు కేటాయించిన మేయర్ పదవికి 18న రాయన భాగ్యలక్ష్మి గారిని ఎన్నుకున్నారు. అంత మెజారిటీ ఉన్నప్పుడు ఆ చేతులెత్తడం లాంఛనమే.

ఆ రోజు నన్ను బాగా బాధపెట్టింది మాత్రం మధ్యాహ్నం వచ్చిన ఒకమ్మాయి. జాబితాలో ఆమె పేరు మీద అప్పటికే గీత పడి ఉంది, కౌంటర్‌ఫాయిల్ మీద ఎవరిదో సంతకం. ఆమె వేలికి చుక్క కూడా లేదు. ఏజెంట్లు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. నిబంధన ప్రకారం గుర్తింపు కార్డు చూసి, నాలుగు ప్రశ్నలడిగి, టెండర్ ఓటు ఇచ్చాను. అది పెట్టెలో వేయరు, విడిగా కవర్లో పెడతారు. "దీన్ని లెక్కపెడతారా మేడమ్?" అని సూటిగా అడిగింది. మామూలుగా లెక్కపెట్టరు, కోర్టుకెక్కితే సాక్ష్యంగా పనికొస్తుంది అన్నాను. ఆమె ఏమీ అనకుండా ముద్ర వేసి ఇచ్చేసి వెళ్లింది. అరిచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఐదింటికి తలుపు వేశాం. అప్పటికే లోపలున్న వాళ్లకు చివరి నుంచి చీటీలిచ్చి, వాళ్లందరూ ఓటేశాక సందు మూసి, లక్క వేశాం. అసలు పని అప్పుడే మొదలవుతుంది. వచ్చిన బ్యాలెట్లు ఎన్ని, మిగిలినవెన్ని, ఇచ్చినవెన్ని. ఈ లెక్క, మార్క్‌డ్ కాపీలో గీతలు, కౌంటర్‌ఫాయిళ్లు మూడూ ఒక్కటే రావాలి. మాకు ఒకటి తేడా వచ్చింది. టెండర్ ఓటును ఓపీఓ (మా కింద పనిచేసే పోలింగ్ ఆఫీసర్) మామూలు లెక్కలో కలిపేశాడని మాస్టారు పట్టుకునేసరికి అందరి ప్రాణం లేచొచ్చింది. ఈ డ్యూటీ కొత్తగా పడేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే: టెండర్ బ్యాలెట్‌కు మొదట్నుంచీ వేరే కాగితం పెట్టుకోండి.

పెట్టె, కవర్లు అప్పగించే రిసెప్షన్ సెంటర్లో మా ముందు పొడుగాటి వరస. కవర్లు తీసుకునే ఆయన ఒక్కో సంతకం వెతుక్కుంటూ కూర్చున్నాడు. రసీదు చేతికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. సిటీ బస్సులు లేవు. ఆటో అతను మామూలు రేటుకు మూడింతలు అడిగితే, బేరం ఆడే ఓపిక లేక ముగ్గురం కలిసి ఎక్కేశాం.