బంతికీ బ్యాటుకీ మధ్య ఒక ఋణ గుర్తు

అనంతపురంలోని ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో కుర్రాళ్ల బ్యాటింగ్ చూసినప్పుడల్లా, ఇంటర్ విద్యార్థులకు ప్రచోదనాన్ని (బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చే రాశిని) బోధించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని నాకు అనిపిస్తుంది.

సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కిలోమీటర్లతో వచ్చిన 0.16 కిలోల బంతిని బ్యాటర్ నేరుగా బౌలర్ వైపే సెకనుకు 40 మీటర్ల వేగంతో తిప్పికొట్టాడనుకుందాం. 40 నుంచి 30 తీసేసి, ద్రవ్యవేగంలో (ద్రవ్యరాశి, వేగాల లబ్ధంలో) మార్పు 1.6 అని తేల్చేయడం చాలా సులభం, కానీ తప్పు. ద్రవ్యవేగం సదిశ రాశి, అంటే దిశ కూడా ఉన్న రాశి కనుక, బౌలర్ వైపు దిశను ధనాత్మకంగా తీసుకుంటే తొలి వేగం −30 అవుతుంది. అప్పుడు మార్పు 0.16 × (40 + 30), అంటే 11.2 న్యూటన్-సెకన్లు. బంతికి అందిన ప్రచోదనమూ అదే. తాకిడి కాలం సుమారు సెకనులో వెయ్యో వంతు కాబట్టి సగటు బలం 11,200 న్యూటన్లకు చేరుతుంది. ఆ కాస్త వ్యవధిలో గురుత్వాకర్షణ ఇచ్చే ప్రచోదనం 0.0016 మాత్రమే కనుక దానిని నిశ్చింతగా వదిలేయవచ్చు.

అదే బంతిని అదే 40 మీటర్ల వేగంతో స్క్వేర్ లెగ్ వైపు, వచ్చిన దారికి లంబంగా కొడితే లెక్క మరింత రుచిగా ఉంటుంది. ఇక్కడ కూడికా తీసివేతా రెండూ పనికిరావు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం వేగంలో మార్పు 50, ప్రచోదనం 8 న్యూటన్-సెకన్లు. దాని దిశ మాత్రం బంతి వెళ్లిన దిశ కాదు. అక్కడి నుంచి దాదాపు 37 డిగ్రీలు బౌలర్ వైపుకు వంగి ఉంటుంది.

గాలి నిరోధాన్ని పక్కన పెడితే, ఆ బంతిని ఆపడానికి ఫీల్డర్ ఇవ్వవలసిన ప్రచోదనం 6.4 న్యూటన్-సెకన్లు. చేతులు వెనక్కి లాగుతూ 0.1 సెకనులో పడితే సగటు బలం 64 న్యూటన్లు, బిగించి 0.01 సెకనులో ఆపితే 640.