ఉమ్రాకి వెళ్తున్నారా? సూది సంగతి చూశారా?

హజ్ కమిటీ తరఫున వెళ్లేవాళ్ల గురించి నాకంత బెంగ లేదు. బయల్దేరే ముందు క్యాంపు పెట్టి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రాకుండా సూది, రెండు చుక్కల పోలియో మందు వేసి కార్డు చేతికిస్తారు. బెంగంతా ఉమ్రాకి, అంటే హజ్ రోజుల్లో కాకుండా ఏడాదిలో ఎప్పుడైనా చేసే మక్కా యాత్రకి, వెళ్లేవాళ్ల గురించే. ట్రావెల్స్‌లో పాస్‌పోర్టు ఇస్తారు, వీసా, టికెట్ వచ్చేస్తాయి. చాలాచోట్ల టీకా మాటే ఎవరూ ఎత్తరు.

దాని ఫలితం 2024లో కనిపించింది. ఏప్రిల్ నుంచి కొన్ని వారాల్లోనే అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో ఉమ్రా ప్రయాణాలతో ముడిపడి 12 మందికి మెనింగోకాకల్ జబ్బు (మెనింజైటిస్ తెచ్చే క్రిముల్లో ఒకటైన మెనింగోకాకస్‌తో వచ్చేది) చేసింది. వాళ్లలో ఇద్దరు అసలు సౌదీకి వెళ్లనేలేదు, వెళ్లొచ్చినవాళ్లతో దగ్గరగా మెలిగారంతే. టీకా వివరాలు తెలిసిన 9 మందిలో ఒక్కరూ సూది వేయించుకోలేదు.

ఈ క్రిమిలో ఏ, సీ, వై, డబ్ల్యూ అనే నాలుగు రకాలకీ పనిచేసే టీకానే అడగండి. 2000 హజ్‌లో చాలామంది వేసుకొచ్చింది ఏ, సీలకు పనికొచ్చేదే, విరుచుకుపడింది మాత్రం డబ్ల్యూ రకం (డబ్ల్యూ135). ఆ తర్వాతే, 2002లో, సౌదీ నాలుగు రకాల టీకాని తప్పనిసరి చేసింది.

ఈ టీకా రెండు తరహాల్లో దొరుకుతుంది: క్రిమి పైపొరలోని చక్కెర పదార్థంతోనే చేసిన పాలీశాకరైడ్ అయితే 3 ఏళ్లు, దానికి ప్రొటీన్ జోడించి చేసిన కాంజుగేట్ అయితే 5 ఏళ్లు చెల్లుతుంది. దొరికితే కాంజుగేటే వేయించుకోండి. పాలీశాకరైడ్ వేసుకున్న మనిషిని కాపాడుతుంది గానీ గొంతులో క్రిమి చేరకుండా ఆపలేదు. తిరిగొచ్చాక జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలు పంచుతూ వాడకట్టంతా అలాయిబలాయి తీసుకుంటారు కదా, గొంతులో ఉన్న క్రిమి ఇతరులకు అంటుకునేది అక్కడే. కొన్ని కాంజుగేట్ బ్రాండ్లకు 55 ఏళ్ల వరకే అనుమతి ఉంది. చిన్నపిల్లలకైతే బ్రాండును బట్టి 3 నెలల ఎడంతో రెండు డోసులు కావాలి. అందుకే పసివాళ్లను తీసుకెళ్లేవాళ్లు నాలుగు నెలల ముందే డాక్టర్‌ని కలవాలి.

పెద్దలకు ఒక్క డోసు, అర మిల్లీలీటరు. సౌదీలో దిగడానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. ఇది కాగితం కోసం పెట్టిన గడువు కాదు, ఒంట్లో రక్షణ తయారవడానికి అంత సమయం పడుతుంది. సూది లేకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామనే ఏజెంటు మాట వినకండి. షుగర్, బీపీ మందులు వాడుతున్నా వేయించుకోవచ్చు. అదే రోజు ఫ్లూ సూది కూడా రెండో చేతికి వేయించుకుంటే మంచిది. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకి అక్కర్లేదు.

కార్డు తీసుకున్నాక అక్కడే నిలబడి చదవండి. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, బ్రాండు, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టర్ సంతకం, స్టాంపు ఉండాలి. చాలామంది వదిలేసేది కాంజుగేట్ అన్న మాట. అది రాయకపోతే 5 ఏళ్ల టీకాని కూడా 3 ఏళ్లకే లెక్కగడతారు.

వచ్చిన రెండు వారాల్లో ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా జ్వరం, మెడ పట్టేయడం, నొక్కినా మాయం కాని ఎర్రమచ్చలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. క్యాజువాల్టీకి తీసుకెళ్లి ఉమ్రా నుంచి వచ్చారని ముందే చెప్పండి. టీకా వేసుకున్నా సరే చెప్పండి.