కబురు ఎవరు చెప్పారు?

సీరియల్లో ఎవరైనా పోతే మా అమ్మ మొదట అడిగేది "బాడీ దొరికిందా?" అని. దొరకలేదంటే ఇక ఆవిడకి టెన్షన్ లేదు, లేచి వెళ్లి పప్పులో తాలింపు పెట్టుకుంటుంది. కారు లోయలో పడనీ, మనిషి ఏట్లో కొట్టుకుపోనీ, ఆవిడ లెక్కలో బతికున్నట్టే. ఆవిణ్ణి అనడానికీ లేదు. 2022లో కార్తీక దీపంలో వంటలక్కనీ డాక్టర్ బాబునీ చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్లని చేసి కథ లాగుదామనుకున్నారు, జనానికి నచ్చలేదు, కొన్ని నెలల్లోనే ఇద్దరూ తిరిగొచ్చేశారు. హిందీవాళ్లు అంతకు ఇరవై ఏళ్ల ముందే క్యోంకీ సాస్ భీ కభీ బహు థీలో మిహిర్‌ని చంపి, చూసేవాళ్ల గోల తట్టుకోలేక మళ్లీ తెచ్చుకున్నారు. ఒకసారి అలా తెచ్చాక ఆ తర్వాత ఆ ఛానల్లో ఎవరు చచ్చినా ఎవడు నమ్ముతాడు?

అయితే చావు మనల్ని కదిలించాలంటే పాత్ర తిరిగి రాకపోవడం ఒక్కటే సరిపోదు. మనవాళ్లు నిజంగానే చంపేసిన పాత్రలు కూడా బోలెడు. నటుడికి డేట్లు కుదరవు, ఫోటోకి దండ పడిపోతుంది, హాల్లో గోడకి గంధం దండతో ఫ్రేము వేలాడుతుంది, కొన్నాళ్లకి ఆ ఫ్రేము కూడా ఎటో పోతుంది. ఆ పోయినప్పుడు మాత్రం ఉరుములు, మూడుసార్లు జూమ్, అందరి మొహాలూ వరసగా. అంత చేసినా మనకి ఏమీ అనిపించదు, ఎందుకంటే అందరూ అక్కడే ఉంటారు, అందరికీ ఒకేసారి తెలిసిపోతుంది. నా వాదన ఏంటంటే, చావు సీన్ ఎంత బాగా తీశారన్నదానికంటే ఆ కబురు ఎవరికి, ఎప్పుడు, ఏ పనిలో ఉండగా అందిందన్నదే మనల్ని పట్టుకుంటుంది.

మాష్ అని పాత అమెరికన్ సీరియల్ ఒకటుంది, కొరియా యుద్ధంలో ఒక మిలిటరీ ఆసుపత్రి కథ, ఎక్కువ కామెడీనే. 1975లో ఒక ఎపిసోడ్‌లో అక్కడి పెద్ద డాక్టరు హెన్రీ బ్లేక్‌కి డ్యూటీ అయిపోయి ఇంటికి బయల్దేరతాడు. సెండాఫ్, జోకులు, హెలికాప్టర్ ఎక్కించడం, అన్నీ అయిపోతాయి, మనం ఇక పేర్లు పడతాయనుకుంటాం. అప్పుడు రాడార్ అనే క్లర్కు ఆపరేషన్ థియేటర్లోకి వస్తాడు, చేతిలో కాగితం. లోపలున్న డాక్టరు ముందు అతన్ని కసురుకుంటాడు, మాస్క్ పెట్టుకో అని. అతను పెట్టుకోడు, చదువుతాడు: బ్లేక్ ఎక్కిన విమానాన్ని కూల్చేశారు, ఎవరూ బతకలేదు. ఏడుపు వస్తోంది కానీ ఎవరూ చేతిలో పని వదలరు, టేబుల్ మీద కోసి ఉన్న మనుషులున్నారు కదా. విమానాన్ని మనకి చూపించనే లేదు. అవసరం ఏముంది?

సక్సెషన్ అని ఇంకో అమెరికన్ సీరియల్లో 2023లో లోగన్ రాయ్ అనే మీడియా కంపెనీ యజమాని పోయింది కూడా ఇదే పద్ధతి. తండ్రి విమానంలో, పిల్లలు అన్న పెళ్లికని పడవలో. అల్లుడు ఫోన్ చేసి, ఆ ఫోన్ ముసలాయన చెవి దగ్గర పెడతాడు, మాట్లాడండి అంటాడు. ఆయన వింటున్నాడో లేదో తెలీదు, అసలు ఉన్నాడో లేదో తెలీదు, ప్రేమ చెప్పాలో కోపం చెప్పాలో కూడా తెలీదు. అది చూసేటప్పుడు నాకు మన ఫోన్లు గుర్తొచ్చాయి. మన ఇళ్లల్లో పోయారని ఫోన్లో ఎవరూ చెప్పరు, "కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరండి" అంటారు. ఏ ఆసుపత్రి అని అడిగితే నాన్చుతారు, ఫోన్ ఇంకొకరికిస్తారు, పిల్లల్ని కూడా తీసుకురమ్మంటారు. హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో బస్సెక్కి కూర్చున్న మనిషికి ఎల్బీ నగర్ దాటేలోపే అర్థమైపోతుంది, అయినా అడగడు, పక్కన భార్యకీ అర్థమైపోతుంది, ఆవిడా అడగదు. మూడు నాలుగు గంటల ప్రయాణం. ఇంత మంచి సరుకు ఇంట్లో పెట్టుకుని మన సీరియల్ వాళ్లు ఉరుములు ఎందుకు కొనుక్కుంటారో నాకు తెలీదు.

మనకి తెలియని విద్య కూడా కాదిది. అభిమన్యుడి కథలో పద్మవ్యూహం అందరికీ తెలుసు, సైంధవుడు అడ్డం పడటం తెలుసు, చివరికి ఏమవుతుందో చిన్నపిల్లలకీ తెలుసు. అయినా ఆ సాయంత్రం అర్జునుడు వేరే చోట యుద్ధం ముగించుకుని శిబిరానికి వస్తుంటే వాద్యాలు వినపడవు, ఎదురుపడిన వాళ్లు తల దించుకుంటారు, రోజూ నవ్వుతూ ఎదురొచ్చే కొడుకు రాడు. ఇంకా ఎవరూ నోరు విప్పలేదు, ఆయనకి తెలిసిపోతోంది. నాకైతే వ్యూహం లోపలి యుద్ధం కంటే ఈ నడకే కష్టం.

అసలు కబురే అందకపోవడం ఇంకో దారి. ద వైర్ అనే అమెరికన్ సీరియల్లో ఊరంతా హడలిపోయే ఒమర్ అనే గజదొంగని 2008లో ఒక చిన్న కొట్లో, సిగరెట్లు కొనుక్కుంటుంటే, ఒక పిల్లాడు వెనకనుంచి కాల్చేస్తాడు. పేపర్ ఆఫీసులో ఆ వార్తకి చోటు దొరకదు. మార్చురీలో అతని పేరు చీటీ పక్క శవానికి తగిలించి ఉంటే, అక్కడి ఉద్యోగి చూసి మారుస్తాడు, అంతే. ఆ చీటీ మార్చడం దగ్గర నాకు కోపం వచ్చింది, డైరెక్టర్ మీద కాదు, ఆ ఊరి మీద.

ఇదంతా మాదాపూర్‌లో మా ఆఫీసు కింద టీ బండి దగ్గర చెబితే మావాడొకడు ఒప్పుకోలేదు. "రెడ్ వెడ్డింగ్ సంగతేంటి మరి? కబురూ లేదు, ఏమీ లేదు, డైరెక్టుగా కోసేశారు, ప్రపంచం మొత్తం షాక్" అన్నాడు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఇంగ్లీషు సీరియల్లో 2013లో వచ్చిన పెళ్లి ఊచకోత కదా అది, వాడి మాటలో బలం ఉంది. నేను తర్వాతి ఎపిసోడ్ చూడమన్నాను. అందులో ఆ పెళ్లిలో తల్లీ అన్నా పోయిన సంగతి సాన్సా అనే అమ్మాయికి ఎవరు చెప్పారో చూపించరు, ఆమె భర్త టిరియన్ గదిలోకి వచ్చేసరికి ఆ పిల్ల కళ్లల్లో నీళ్లుంటాయి, అతను ఏమీ అనలేక వెళ్లిపోతాడు. నా దృష్టిలో రెడ్ వెడ్డింగ్ అక్కడే పూర్తయింది.

"అది ఎవడికి గుర్తుంది బాస్" అన్నాడు.