శాతోదరి, నిశితం: ఒకే ధాతువు దగ్గర నేర్చుకున్నది

తెలుగు సాహిత్యం పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు పదజాల విభాగంలో నా అనుభవం ఒకటి చెప్పదలచుకున్నాను. ఒక నమూనా పరీక్షలో ‘శాతోదరి’ అనే పదానికి అర్థం అడిగితే, శాతం అనగానే నూటికి ఇంత అనే లెక్క తప్ప మరేమీ తోచక ఆ ప్రశ్నను వదిలేశాను. అప్పటికి ‘నిశితం అంటే వాడియైనది’ అని నా పుస్తకంలో రాసుకుని నెలలు గడిచాయి. ఆ రెండూ ఒకే కుదురు నుంచి వచ్చాయని మాత్రం తెలియదు.

సంస్కృత ధాతువుల (క్రియా మూలాల) పట్టిక అయిన ధాతుపాఠంలో ‘శో తనూకరణే’ అని ఉంది. తనూకరణం అంటే పలుచన చేయడం, సన్నగా చేయడం. కత్తిని సానపట్టినప్పుడు జరిగేది అదే: రాయి మీద లోహం అరిగి అంచు పలుచబడుతుంది, ఆ పలుచనే వాడి. ఈ ధాతువుకు ‘చేయబడినది’ అనే అర్థమిచ్చే క్త ప్రత్యయం చేరినప్పుడు ‘శాచ్ఛోరన్యతరస్యామ్’ (7-4-41) అనే పాణిని సూత్రం వల్ల ఇకారం వికల్పంగా (వచ్చినా రాకపోయినా సరే అన్నట్టు) వస్తుంది కనుక శిత, శాత అనే రెండు రూపాలూ వ్యాకరణరీత్యా సరైనవే. ‘ని’ ఉపసర్గ చేరితే నిశితం, నిశాతం అవుతాయి. బాణానికి చెప్పినప్పుడు వాడి, నడుముకు చెప్పినప్పుడు సన్నదనం. శాతోదరి సన్నని నడుము గల స్త్రీ. నిశిత పరిశీలన, నిశిత విమర్శ అని మనం నేడు రాసేటప్పుడు అదే వాడి బుద్ధికి చేరింది. నూటికి ఇంత అనే శాతానికి మూలం శతం. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక్కడే ఆగకండి. ‘తిజ నిశానే’ అని మరో ధాతువు అర్థాన్ని కూడా ఈ కుదురుకే చెందిన నిశాన (పదును పెట్టడం) శబ్దంతో చెప్పారు. తీక్ష్ణం, తిగ్మం, తేజస్సు అన్నీ ఆ తిజ్ ధాతువు సంతానమే. ఓర్పు అనే అర్థం గల ‘తితిక్ష’ కూడా దాని నుంచే వచ్చిందని తెలిసినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

అక్షరాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: శిత అంటే వాడియైనది, సిత అంటే తెల్లనిది, నిశీథం అర్ధరాత్రి, దానికి మూలం పడుకోవడాన్ని చెప్పే శీ ధాతువు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఇలాంటి జంటలను పక్కపక్కనే ఇస్తారు.