అయిదోది దైవం

బతుకమ్మ పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, వేయిస్తంభాల గుడి దగ్గర నా బతుకమ్మ ఒరిగింది. కింద పెట్టి రెండు చుట్లు కూడా తిరగలేదు, తంగేడు వరుస ఒక పక్కకు జారి, పైనున్న పసుపు గౌరమ్మ వచ్చి నా కాళ్ల దగ్గర పడ్డది. "దిష్టి తాకింది పిల్లా" అన్నది పక్కింటత్త. ఇంకొకామె, ఇంట్లోంచి బయల్దేరంగ ఎవరెదురొచ్చిన్రని ఆరా తీసింది. నాకేమో గుంతల్లో ఎత్తేసిన ఆటో అతని మీద కోపం.

అమ్మ మాత్రం అక్కడే కూర్చుని బతుకమ్మ లోపలికి వేళ్లు పెట్టి చూసింది. "నడుమ ఆకేది బిడ్డా?" అన్నది. పూల కాడలు లోపలికి పెట్టుకుంటూ వరుసలు పేర్చేటప్పుడు, నడిమి ఖాళీని తరిగిన ఆకుతో అదిమి నింపాలి. నేను తొందర్లో పైపైన వేశాను. అడుగున గుమ్మడాకులు పరవకుండా నున్నటి స్టీలు పళ్లెం పెట్టాను. కాడలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొద్దున వానకు తడిసిన గునుగును బరువు చూసుకోకుండా పైవరుసల్లో పేర్చాను.

ఆ రాత్రి గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఈ శ్లోకం దగ్గర ఆగిపోయాను.

అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్
వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్

ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు: ఆధారం, చేసేవాడు, సాధనాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమని, దైవమంటే కన్ను మొదలైన ఇంద్రియాలకు అండగా ఉండే సూర్యాది దేవతలని శంకరులు చెప్పారు. రామానుజులైతే ఆ అయిదోది పరమాత్మే అన్నారు. అంత లోతు నాకందదు గానీ, నా బతుకమ్మకు సరిపెట్టుకుంటే పళ్లెం ఆధారం, నేను కర్తను, కత్తీ చేతులూ సాధనాలు, ఆ తొందర పేర్పు చేష్ట, వాన దైవం. మేమంతా మొదటి నాలుగూ దాటేసి నేరుగా అయిదోదాని మీద పడ్డామన్నమాట. పాపం, వానను కూడా కాదు, దిష్టిని పట్టుకున్నాం.

మన తర్కశాస్త్రం ఈ విషయంలో మహా గడుసుది. పనికి ముందు తప్పకుండా ఉండేదే కారణం అంటుంది. అట్లని ముందున్న ప్రతిదీ కారణం కాదట. కుండకు మట్టి కారణం, కుమ్మరి కారణం, సారె కారణం. మట్టి మోసిన గాడిద మాత్రం కాదు. మట్టి ఇంకో తీరుగా వచ్చినా కుండ అయ్యేదే. ఎదురొచ్చిన మనిషి నాకు ఆ గాడిదే. ఆటో కూడా చాలావరకు గాడిదే, ఒప్పుకోవడం కష్టంగా ఉన్నా. అదే ఆటోలో వచ్చిన అమ్మ బతుకమ్మ నిలబడే ఉంది మరి.

రామప్ప గుడి గుర్తొచ్చింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి పునాదిలో ఇసుక, శిఖరానికి నీళ్లమీద తేలేంత తేలిక ఇటుకలు. శివుడి గుడే అయినా భారమంతా శివుడి మీద వేయలేదు వాళ్లు.

ఇంతా చదివి, తప్పంతా నాదేనని కుమిలిపోదామంటే కృష్ణుడు అదీ కుదరనివ్వడు. రెండు శ్లోకాల తర్వాత, తానొక్కడే కర్తననుకునేవాడు సరిగా చూడలేనివాడని గట్టిగానే అంటాడు. బతుకమ్మ బాగా కుదిరిననాడు ఈ శ్లోకం నాకెందుకో గుర్తురాదు.

పండుగ చివరి రోజు, సద్దుల నాటికి, తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, కాడలన్నీ ఒక్క కొలతకు కోసి, ఆకు అదిమి అదిమి నింపి పేర్చాను. పద్మాక్షి గుట్ట కాడ చీకటిపడేదాకా ఆడినా కదల్లేదు. ఇంటికొచ్చాక అమ్మ ఎండుమిరపకాయలు తీసుకుని నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాకుంటే దిష్టి ఉన్నట్టు లెక్క. ఇద్దరం దగ్గలేక చచ్చినం.

"సూసినవా, ఈసారి దిష్టి లేదు" అన్నది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.