కారు అలవెన్సా, కిలోమీటరు లెక్కా? చిత్తూరు నుంచి నా అనుభవం

2025 మార్చిలో మా కంపెనీ సర్క్యులర్ పంపింది. అంతవరకు పెట్రోల్ బిల్లులు పెడితే డబ్బులు వేసేవాళ్లు. ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి ఉండదని, సొంత కారు వాడే ఫీల్డ్ స్టాఫ్ రెండు పద్ధతుల్లో ఒకటి రాసివ్వాలని అందులో ఉంది. మొదటిది నెలకు 14,000 రూపాయల కారు అలవెన్స్. జీతంతో పాటే పడుతుంది, బిల్లులు అడగరు, కానీ టోల్, పార్కింగ్ కూడా అందులోనే సర్దుకోవాలి. రెండోది ఆఫీసు పని మీద తిరిగిన కిలోమీటరుకు 11 రూపాయలు. టోల్, పార్కింగ్ రసీదులు పెడితే ఆ డబ్బు వేరుగా ఇస్తారు. ఒకసారి రాసిచ్చాక ఏడాది దాకా మార్చుకోవడానికి వీల్లేదు.

నేను పశువుల దాణా కంపెనీలో ఏరియా మేనేజర్‌ని. ఇల్లు చిత్తూరులో, కాగితాల మీద హెడ్‌క్వార్టర్ కూడా చిత్తూరే. డిపో తిరుపతిలో, హెడ్ ఆఫీసు చెన్నైలో. పలమనేరు, వి.కోట, కుప్పం, పుంగనూరు, ఇటువైపు పుత్తూరు, నగరి అన్నీ నేనే చూడాలి. కుప్పం వెళ్లి వస్తేనే 200 కిలోమీటర్లు దాటుతుంది. పలమనేరు దాటాక కౌండిన్య అడవి అంచు ఊళ్లలో చీకటి పడితే ఏనుగుల భయం. కాబట్టి మిగిలిన పని సాయంత్రం దాకా ఉండి ముగించుకుందాం అంటే కుదరదు. ఇంకో రోజు మళ్లీ బయలుదేరాల్సిందే.

సర్క్యులర్ వచ్చిన రోజు నుంచి ఫోన్లే ఫోన్లు. "అలవెన్స్ అయితే పన్ను పడుతుందన్నా, కిలోమీటర్లే రాసెయ్" అని ఒకరు. "పద్నాలుగు వేలు గ్యారంటీగా వస్తాయి, రోజూ లెక్కలు రాసుకుంటూ ఎవరు కూర్చుంటారప్పా" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ నా కారు నాకు కిలోమీటరుకు ఎంత పడుతోందో తెలియకుండా ఆ మాటలతో నేనేం తేల్చుకోగలను? అందుకే ముందు ఆ లెక్క పట్టుకున్నాను.

నాది 1.2 లీటర్ల ఇంజిన్ ఉన్న చిన్న పెట్రోల్ కారు. హైవే మీద లీటరుకు 18 ఇస్తుంది. మొగిలి ఘాట్ ఎక్కి పల్లె రోడ్లలో తిరిగితే 14కి పడిపోతుంది. సగటున 16 వేసుకున్నాను. 2025లో మా దగ్గర లీటరు 110 రూపాయల ప్రాంతంలో ఉండేది కాబట్టి పెట్రోలుకే కిలోమీటరుకు 6.90. కట్టమంచిలో నా కారు చూసే మెకానిక్ దగ్గర కూర్చుని మిగతావి రాసుకున్నాను. నాలుగు టైర్లు 20,000, అవి 40,000 కిలోమీటర్లు వస్తాయి, అంటే కిలోమీటరుకు అర్ధ రూపాయి. సర్వీసు, ఆయిలు, బ్రేకులు, ఘాట్ రోడ్డుకు త్వరగా అరిగే క్లచ్, అన్నీ కలిపి ఇంకో 90 పైసలు. మొత్తం 8.30. ఇది బండి కదిలితేనే అయ్యే ఖర్చు.

బండి కదలకపోయినా అయ్యే ఖర్చు ఇంకొకటి ఉంది. ఇన్సూరెన్సు, ఏటా తగ్గే కారు విలువ కలిపి సంవత్సరానికి 90,000 దాకా తేలింది. సొంత పనులతో కలిపి నేను ఏడాదికి 24,000 కిలోమీటర్లు తిప్పుతాను. ఆ లెక్కన ఇది కిలోమీటరుకు 3.75. రెండూ కలిపితే 12 రూపాయల పైన. అంటే కంపెనీ ఇస్తామన్న 11 నా అసలు ఖర్చుకు రూపాయి తక్కువ. మైలేజీ డబ్బులు వస్తే లాభమే అనుకునేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. పెట్రోలు ఒక్కటే ఖర్చుగా చూస్తే అలాగే అనిపిస్తుంది. మూడేళ్ల తర్వాత కారు అమ్మబోతే, కొనేవాడు మొదట చూసేది మీటర్ రీడింగే.

ఈ రూపాయి తేడాకు ఒక కారణం పెట్రోలు ధరలోనే ఉంది. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ సెస్ ఇంకో రూపాయి. అందుకే చెన్నై కంటే మా దగ్గర లీటరు ఎనిమిది, తొమ్మిది రూపాయలు ఎక్కువ. కుప్పం వైపు వెళ్లేవాళ్లు సరిహద్దు దాటి కర్ణాటక బంకుల్లోనో తమిళనాడు బంకుల్లోనో ట్యాంకు నింపుకుని రావడం మా దగ్గర మామూలే. కంపెనీ ఆ 11 రూపాయల రేటు కట్టింది చెన్నై ధర మీద. నేను తిరిగే దూరానికి ఈ ఒక్క తేడానే నెలకు వెయ్యి రూపాయల దగ్గరికి వస్తుంది.

తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరుగుతానో చూసుకోవాలి. పాత టూర్ రిపోర్టులు తీసి చూస్తే పండగల నెలలో తగ్గింది, పచ్చిగడ్డి దొరకని ఎండాకాలంలో పెరిగింది. ఆఫీసు పని మీద సగటు నెలకు 1,700. కిలోమీటరు లెక్కన 18,700 వస్తుంది, అలవెన్స్ అయితే 14,000. రెండూ సమానమయ్యేది 1,270 దగ్గర. నాకు తగిలిన అంకె మాత్రం వేరే. 1,700 కిలోమీటర్లకు నా పెట్రోలు, టైర్లు, సర్వీసు ఖర్చే 14,110. అలవెన్స్ తీసుకుంటే అది దానికే చాలదు, గాదంకి దగ్గర కట్టే టోల్ కూడా జేబులోంచే పోతుంది. ఇన్సూరెన్సు సంగతి సరేసరి.

ఇంతవరకు నా లెక్క. కంపెనీ వేటిని కిలోమీటర్లుగా ఒప్పుకుంటుందనేది వేరే సంగతి, సర్క్యులర్‌లో అది స్పష్టంగా లేదు. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాను. దూరం ఎక్కడి నుంచి లెక్కిస్తారు, తిరుపతి డిపో నుంచా, చిత్తూరు నుంచా? మ్యాప్‌లో చూపే దగ్గరి దారినా, నేను వెళ్లిన దారినా? ఊరూరా ఆగుతూ పోయిన రోజు ఎలా? పెట్రోలు పెరిగితే రేటు మారుస్తారా? జవాబు రాకపోతే ఫోన్ చేశాను. అక్కడి మేడమ్‌ది నెల్లూరు వైపట, తెలుగులోనే మాట్లాడారు. "సార్, ఇవి ఎవరూ అడగలేదు, కనుక్కుని చెప్తాను" అన్నారు, చెప్పారు కూడా. నా హెడ్‌క్వార్టర్ చిత్తూరు కాబట్టి చిత్తూరు నుంచే లెక్క. డిపో మీటింగుకు తిరుపతి వెళ్లినా అది టూరే. మ్యాప్ దూరం కాకుండా మీటర్ రీడింగ్ తీసుకుంటారు, కానీ ఆగిన ప్రతి ఊరి పేరూ రాయాలి. రేటు మార్చడం గురించి మాత్రం ఇప్పుడేం చెప్పలేం అన్నారు. మొదటి జవాబు తిరగబడి ఉంటే నా నిర్ణయం కూడా తిరగబడేది. డిపో నుంచి లెక్కిస్తామని ఉంటే నా సగం తిరుగుడు గందరగోళంలో పడేది. అందుకే ఆ మాటలన్నీ మెయిల్‌లో రాసి పంపమని అడిగి తీసుకున్నాను.

పన్ను సంగతికి తిరుపతిలో ఒక ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. నాతో పాటు తిరుపతి టౌన్, రేణిగుంట, చంద్రగిరి చూసే తమ్ముడులాంటి కొలీగ్ కూడా వచ్చాడు. ఆయన మా ఇద్దరి జీతాలు అడిగి, మా ఇద్దరికీ జవాబు ఒకటి కాదన్నారు. 2025-26లో కొత్త పన్ను విధానం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి నేరుగా తీసేసే మొత్తం) 75,000తో కలిపి 12,75,000 వరకు జీతం మీద పన్ను లేదు. నా జీతం 9.5 లక్షలు. ఏడాది అలవెన్స్ 1,68,000 కలిపినా 11.18 లక్షలే. అంటే అలవెన్స్ మీద పన్ను పడుతుందని నన్ను అందరూ భయపెట్టారు గానీ, నాకు పడేది సున్నా.

కొలీగ్ జీతం 12.5 లక్షలు. ఇప్పుడు పన్ను లేదు. అలవెన్స్ కలిస్తే పరిమితి దాటిపోతాడు, అప్పుడు సెస్‌తో కలిపి దాదాపు 84,700 కట్టాలి. అతను నెలకు 700 కిలోమీటర్లు కూడా దాటడు. పైకి చూస్తే 14,000కి, 7,700కి పోలికే లేదు, కళ్లు మూసుకుని అలవెన్స్ రాసివ్వాలని వచ్చినవాడు. వచ్చే 1,68,000లో సగం పన్నుకే పోతుందని తెలిసి అక్కడే కాగితం మీద మళ్లీ లెక్క వేసుకున్నాడు. పన్ను, బండి ఖర్చు తీసేస్తే ఏడాదికి అలవెన్స్‌లో అతనికి మిగిలేది 13,600 దాకా. కిలోమీటరు లెక్కలో 22,700 దాకా మిగులుతుంది.

ఆడిటర్ గారు ఇంకో దారి కూడా చెప్పారు. అలవెన్స్ తీసుకున్నా, ఆఫీసు పని మీద తిరగడానికి నిజంగా ఖర్చయినంత వరకు సెక్షన్ 10(14) కింద మినహాయింపు ఉంది. కొత్త విధానంలోనూ ఉంది. ఖర్చు కాకుండా మిగిలిందానికే పన్ను. కానీ దానికి కూడా రికార్డు చూపించాలి. ఇక కంపెనీ ఖర్చు తిరిగి ఇచ్చే పద్ధతిలో, ఆ ప్రయాణం పూర్తిగా డ్యూటీ కోసమే అయితే దాన్ని పన్ను పడే సౌకర్యంగా జీతంలో లెక్కించరు. తేదీ, వెళ్లిన ఊరు, కిలోమీటర్లు, ఖర్చు వివరాలు కంపెనీ దగ్గర ఉండాలి, అది పూర్తిగా డ్యూటీ కోసమేనని కంపెనీ సర్టిఫికెట్ ఇవ్వాలి. సొంత వాడకం కూడా కలిపి ఖర్చులు ఇస్తే, 2025-26లో 1.6 లీటర్ల లోపు ఇంజినుకు నెలకు 1,800 మాత్రమే తీసేసి మిగతాది జీతంలో కలిపేవారు. లాగ్ బుక్ రాయడం తప్పించుకోవడానికి అలవెన్స్ తీసుకుంటామనే వాళ్లు ఇది గమనించాలి. పన్ను పడే జీతం ఉన్నవాళ్లకు లాగ్ బుక్ ఎలాగూ తప్పదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు 2025 ఆదాయపు పన్ను చట్టానిది కాబట్టి సెక్షన్ నంబర్లు వేరు. నేను రాసినవి 2025-26 సంవత్సరానివి.

అలవెన్స్‌కు ఒక మేలుంది, చెప్పాలి. అది పే స్లిప్‌లో కనిపిస్తుంది. ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు నెలనెలా వచ్చే అలవెన్స్‌ను బ్యాంకు ఆదాయంగా చూసే అవకాశం ఉంది, మైలేజీ డబ్బులను సాధారణంగా చూడదు. "బావా, రెండేళ్లలో ఇల్లు కట్టాలనుకుంటున్నాం కదా, అది కూడా చూడు" అని మా ఆవిడ గుర్తుచేసింది. చూశాను. లోన్ కొంచెం ఎక్కువ రావడం కోసం నెలనెలా నాలుగు వేల ఏడు వందలు వదులుకోవడం మా ఇద్దరికీ సరిగా అనిపించలేదు.

ఇన్సూరెన్స్ కాగితం కూడా చదివాను. ప్రైవేటు కారు పాలసీలో కిరాయికి తిప్పడం, సరుకు మోయడం ఉండకూడదు, శాంపిళ్లు, సొంత లగేజీ పర్వాలేదు అని ఉంటుంది. నా డిక్కీలో దాణా శాంపిల్ ప్యాకెట్లు ఎప్పుడూ ఉంటాయి, దాంతో ఇబ్బంది లేదు. కానీ డీలర్ అడిగాడని నాలుగు బస్తాలు వేసుకుని వెళ్లి దించడం సరుకు మోయడమే. ఆ రోజు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. మా వాళ్లలో ఈ అలవాటు ఉన్నవాళ్లు దయచేసి మానుకోండి.

డబ్బుల లెక్క ఒక వైపు తేలినా, నన్ను కిలోమీటరు పద్ధతి వైపు గట్టిగా నిలబెట్టింది నా పని. అలవెన్స్ తీసుకుంటే నేను కదిలిన ప్రతి కిలోమీటరూ నా జేబులోంచి 8 రూపాయలు తీస్తుంది. వి.కోట దాటి లోపల ఉన్న ఊరి నుంచి ఒక రైతు "సార్, కొత్త దాణా మొదలుపెట్టాక ఆవు పాలు తగ్గించింది, ఒకసారి వచ్చి చూడండి" అని ఫోన్ చేస్తే, ఇప్పుడు వెళ్తాను. ఆ ఊరికి వెళ్లిరావడానికి నా సొంత డబ్బు పదిహేను వందలు పోతుందని తెలిస్తే, ఫోన్లోనే నాలుగు మాటలు చెప్పి సరిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. రెండావులున్న ఇంటికి పాల డబ్బులతోనే రోజు ఖర్చు గడవాలి. ఆ ఆవును కళ్లతో చూడకుండా, మేత తొట్టి దగ్గర నిలబడకుండా దాణాలో లోపమో, నీళ్లు చాలకో, పొదుగు వాపో చెప్పలేం. దూరం ఊళ్ల మీద ఆధారపడిన ఉద్యోగానికి కదిలితే నష్టం వచ్చే పద్ధతి పెట్టకూడదని నా గట్టి నమ్మకం. కంపెనీలు కూడా దీన్ని ఆలోచించాలి.

మార్చి ఆఖరికి కిలోమీటరు పద్ధతి రాసిచ్చాను. కొలీగ్ కూడా అదే రాసిచ్చాడు. అప్పటి నుంచి పొద్దున బయలుదేరే ముందు, ఇంటికొచ్చాక మీటర్ ఫోటో తీస్తాను. ఊళ్ల పేర్లు, కలిసిన డీలరు, పని ఒక్కో ముక్కలో నోట్‌బుక్‌లో రాసి, వారానికోసారి ఎక్సెల్‌లోకి ఎక్కిస్తాను. ఇంటి పని మీద తిరిగిన దూరానికి వేరే గడి ఉంది. నెలాఖరుకు పంపిన క్లెయిమ్ డబ్బులు వచ్చే నెల సగం దాటాక గానీ పడవు, కాబట్టి ఒక నెల పెట్రోలుకు సరిపడా డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. మొదటి క్లెయిమ్‌లో ఒక రోజు దూరం ఎక్కువగా ఉందని వెనక్కి పంపారు. మీటర్ ఫోటోలు, హెచ్‌ఆర్ మెయిల్ జత చేసి పంపితే ఆ వారంలోనే పాస్ చేశారు.

రేటు ఇంకా 11 దగ్గరే ఉంది. ఆంధ్రలో తిరిగేవాళ్లకు ఇక్కడి పెట్రోలు ధర మీద రేటు కట్టాలని మేం కొందరం కలిసి చెన్నైకి రాశాం. జవాబు కోసం చూస్తున్నాం.